కాంట్రాక్టరును కాసేపు వదిలెయ్యమ్మా

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. గుంటూరు నుంచి నీ కథ అందిన రోజే చదివాను. వంతెన కింద బట్టలుతికే ముసలమ్మ బాగుంది. ఆ తర్వాతే ఒళ్లు మండింది. సిమెంటులో ఇసుక ఎక్కువ కలిపిన కాంట్రాక్టరు, లంచం తిన్న ఇంజనీరు, వంతెన కూలాక వానలో ఏడుపులు! "చిన్న పగులు ఎప్పటినుంచో ఉంది" అని ఒక్క ముక్క రాసి దాటేశావు. కథంతా అక్కడే ఉంది కదా.

అమెరికాలో ఒహాయో నది మీద 1928లో సిల్వర్ బ్రిడ్జి కట్టారు. 1967 డిసెంబరు 15 సాయంత్రం, రద్దీ వేళ, నిమిషం సేపట్లో నదిలో పడింది. 46 మంది పోయారు. వంతెనను మోసే గొలుసులో ఒక ఉక్కు కడ్డీ, దాని చివర కీలు దూర్చే కన్నం అంచున సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పగులు. తుప్పూ బరువూ కలిసి ఏళ్ల తరబడి పెంచాయి. కీలు విప్పితే తప్ప కనబడదు. లంకెకు రెండే కడ్డీలు, ఒకటి తెగాక రెండోది నిలవలేదు. ఆ ఉక్కు అలా పగులుతుందని కట్టిన రోజుల్లో ఇంజనీర్లకే తెలియదు. ఇప్పుడు చెప్పు, బేడీలు ఎవరికి వేయిస్తావు?

కుర్రతనంలో నేను ఆటోనగర్‌లో ఒక లారీల షెడ్డులో లెక్కలు రాసేవాణ్ని. విరిగిన యాక్సిల్‌ను మేస్త్రీ బల్ల మీద పెట్టి చూపించాడు. విరిగిన చోట సగానికి పైగా నున్నగా నల్లబడి ఉంది. అంచున చిన్న గాటు, దాని నుంచి మొదలై చెట్టు మానులో వలయాల్లా సన్నని గీతలు. మిగిలిన కాస్తా గరుకుగా మెరుస్తోంది. "నల్లది ఎన్నాళ్లుగానో తెగుతోంది, మెరిసేది రాత్రి తెగింది" అన్నాడు. బండి నిన్నటిదాకా బ్రహ్మాండంగా నడిచిందని డ్రైవరు ఒట్లు పెడుతూనే ఉన్నాడు.

దాన్ని కథ చేస్తే, ఒక సంపాదకుడు ఆ గీతల పేరానే కొట్టేసి, యజమానిని దుర్మార్గుణ్ని చేసి అచ్చేశాడు. "పాఠకుడికి కోపం రావాలండీ" అన్నాడు. వచ్చింది, మర్నాటికి పోయింది. ఇప్పటి పోటీ కథలదీ అదే మూస.

ఇంకొకటి. నీ మేస్త్రీ పగులు మీద సిమెంటు పూసి చేతులు దులుపుకుంటాడు. కాంక్రీటు పగుల్లోకి నీరు దిగితే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, పగులును ఇంకా తెరుస్తుంది. ఉక్కులోనైతే లాగే బలం పగులు మొన దగ్గర పోగవుతుంది. ఒక పొడవు దాటిందా, ఉన్న బరువుకే తనంతట తాను సాగిపోతుంది. గాజు మీద ప్రయోగాలతో గ్రిఫిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1921లోనే ఈ లెక్క తేల్చాడు. అందుకే ఉక్కు రేకులో పగులు మొన దగ్గర గుండ్రటి రంధ్రం తొలిచి దాని వాడి తగ్గిస్తారు. కాపాడటానికి కన్నం పెట్టడం! ఇంత చక్కని సంగతి వదిలేసి కాంట్రాక్టరు మెడలోని గొలుసును అరపేజీ వర్ణించావు.

పోటీ గడువు నెలాఖరని రాశావు. పోనీ గడువు. తిరగరాసి పంపు. కాగితానికి ఒక పక్కే రాయి, నా చూపు అంతంత మాత్రం.