సొరుగుల లోపల నూనె రాయకు

చిట్టితల్లీ,

తాతయ్య కొయ్య బీరువాకి నువ్వే అవిసె నూనె పెడతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

సాండ్‌పేపర్ పట్టడం, దుమ్ము తుడవడం నీకు చెప్పక్కర్లేదు. డబ్బా మీద 'బాయిల్డ్' అని ఉన్నదే కొను. పేరుకే గానీ అది కాచింది కాదు, త్వరగా ఆరే మందు కలిపింది. పచ్చి నూనెకి వారాలు పడుతుంది.

ఇక నా ఘనకార్యం విను. పెళ్లయిన కొత్తలో సొరుగుల బల్ల చేశాను. ఎంత రాస్తే అంత మెరుస్తుందని లోపలా బయటా దట్టంగా పట్టించి, తుడవకుండా సొరుగులు మూసేశా. నెల తర్వాత మీ అత్తయ్య అందులోంచి ఒక చొక్కా తీసి వాసన చూసి, మాట్లాడకుండా నా ముక్కు దగ్గర పెట్టింది. కనరెక్కిన నూనె! కర్పూరం పెట్టాను, అత్తరు చల్లాను. ఒక వాసన కాస్తా మూడయ్యాయి.

అవిసె నూనె నీళ్లలా ఆవిరైపోదమ్మా. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, ఆ వాసన పుట్టేదీ అప్పుడే. మూసిన సొరుగులో గాలేది? అది ఆరదు, వాసనా పోదు. చివరికి సొరుగులన్నీ ఊడదీసి, జిగటనంతా టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, కొన్ని వారాలు గాలికి పెట్టాను. బాగా ఆరాక లోపల పల్చగా రెండు పూతలు లక్క పాలిష్ వేస్తే అప్పుడు వదిలింది. బొగ్గు, వంటసోడా పెట్టమంటారు గానీ, నూనె తడిగా ఉన్నంతకాలం అవేం చేస్తాయి?

అందుకే నువ్వు బయటివైపే రాయి. పల్చగా రాసి, పావుగంటాగి మిగిలిందంతా తుడిచెయ్. మళ్లీ రాసేముందు ఒక రోజు ఆగు. తొందరెందుకే, నీకన్నీ తొందరే! చిన్నప్పుడూ అంతే, రంగు ఆరకముందే బొమ్మని ఎత్తుకునేదానివి.

నాకు నిద్ర పట్టనిది మాత్రం తుడిచిన గుడ్డల గురించి. వాటిని ఉండచుట్టి పడేస్తే ఆరేటప్పుడు పుట్టిన వేడి లోపలే చిక్కుకుని, నిప్పు తగలకుండానే అంటుకుంటాయి. ఒకసారి చెత్తడబ్బాలోంచి తీసిన గుడ్డ నా చేతికి ఇస్త్రీ చేసినంత వేడిగా తగిలింది. ఒక్కో గుడ్డని విప్పి ఆరుబయట పరిచెయ్. అట్టలా బిగుసుకున్నాకే పారెయ్. కుదరకపోతే నీళ్లు పోసిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టు.

గుడ్డలు ఆరేశాక ఒక ఫోటో పంపు. బీరువా ఫోటో తర్వాత చూస్తాను.

మీ మావయ్య