వంతెన తనిఖీకి వెళ్లే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

గోదావరి పాయ మీది పాత ప్రీస్ట్రెస్డ్ కాంక్రీట్ (లోపల ఉక్కు కేబుళ్లను బిగించి లాగి బలమిచ్చిన కాంక్రీటు) వంతెన తనిఖీ నీకు అప్పగించారని తెలిసింది. వానలు మొదలవక ముందే, నీళ్లు బాగా తగ్గినప్పుడు వెళ్లు. పైన తారు, రెయిలింగు చూసి వచ్చేయకు. అసలు సంగతంతా కింద ఉంటుంది.

గోవాలో పనాజీ దగ్గర మాండవి నది మీది వంతెన 1986 జూలై 5న కూలిపోయింది. కట్టి ఇరవై ఏళ్లు కూడా కాలేదు. అంతకు ఏడు నెలల ముందు, 1985 డిసెంబరు 4న, వేల్స్‌లో ఒక చిన్న వంతెన ఏ సూచనా లేకుండా పడిపోయింది. రెండు చోట్లా లోపలి కేబుళ్లను తుప్పు తినేసింది. మామూలు కాంక్రీటులో ఊచ తుప్పు పడితే ఉబ్బి, పెచ్చు ఊడి, ముందే చెబుతుంది. బిగించి లాగిన తీగ అలా చెప్పదు. డక్టులోనే, అంటే తాను ఉండే గొట్టంలోనే, ఒక్కొక్కటిగా తెగుతుంది.

తుప్పు పట్టకుండా డక్టులో గ్రౌట్ (సిమెంటు, నీళ్ల పలచటి ముద్ద) నింపేది అందుకే. నీళ్లు, సిమెంటు నిష్పత్తి 0.45 దాటితే సిమెంటు కిందికి దిగి, నీరు పైకి తేలుతుంది. ఆ నీరు పోయాక మిగిలేది ఖాళీ. పైన పటారం, లోన లొటారం. కేబుల్ గిర్డరు (వంతెన బరువు మోసే పొడవాటి దూలం) మధ్యలో కిందికి దిగి, చివర్లలో పైకి లేస్తుంది కాబట్టి ఆ ఖాళీ ఎక్కువగా చివర్లలోనే ఉంటుంది. ఎక్స్‌పాన్షన్ జాయింటు (వంతెన సాగి, కుంచించుకోవడానికి వదిలిన సందు) నీళ్లు కారేది కూడా సరిగ్గా అక్కడే. అందుకే నీ సమయంలో సగం గిర్డరు చివర్లకే ఇవ్వు.

నిచ్చెన వేసి, టార్చి పట్టుకుని, చేతికి అందేంత దగ్గర నుంచి చూడు. తెల్లటి సున్నపు చార ఉంటే నీరు కాంక్రీటు గుండా దిగుతోందని. అందులో గోధుమరంగు కలిసిందంటే తుప్పు మొదలైందని. చిన్న సుత్తితో తట్టు: గట్టి చోట ఖంగుమంటుంది, పెచ్చు విడిన చోట డొల్లగా పలుకుతుంది. కేబుల్ దారి వెంట సాగే పగులు వెంట్రుకంత ఉన్నా వదలొద్దు. అనుమానం ఉన్నచోట కాస్త చెక్కి, ఆ తాజా ముఖం మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లు. గులాబీ రంగు వస్తే ఊచను తుప్పు నుంచి కాపాడే క్షారం ఇంకా ఉంది. రంగు రాని లోతు ఊచ దాకా వెళ్లిందంటే దానికి రక్షణ పోయినట్టే. ఇది కార్బొనేషన్ (గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ క్షారాన్ని తినేయడం) సంగతే చెబుతుంది. సముద్రం దగ్గరైతే క్లోరైడు (ఉప్పు) పరీక్ష వేరేగా చేయించాలి.

పైనుంచి వాననీరు దించే గొట్టాలు గిర్డరు అడుగు దాటి కిందికి దిగాలి. పొట్టిగా ఉంటే నీరు గిర్డరు మీదికే కొడుతుంది. పాత తారు గీకకుండా కొత్త పొర వేస్తే ఆ గొట్టాల నోళ్లూ పూడతాయి, బరువూ పెరుగుతుంది. 7.5 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల స్పాను (రెండు స్తంభాల మధ్య భాగం) మీద 50 మిల్లీమీటర్ల పొర అంటే సుమారు 34 టన్నులు. డిజైనులో దానికి చోటుందో లేదో లెక్క చూడు.

గిర్డర్ల కింద ఆనించిన బేరింగుల (రబ్బరు దిండ్ల) చుట్టూ మట్టి తీయించి, రబ్బరు ఉబ్బిందా, చీలిందా చూడు.

ఇక పునాది. పియరు (వంతెన స్తంభం) దగ్గర గరిష్ఠ కోత (ప్రవాహం నది అడుగును తవ్వుకుపోయే లోతు) సగటు కోత లోతుకి రెండింతలని లెక్క కడతారు. వరద తీశాక గుంట ఇసుకతో పూడి, ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. అందుకే వరద రోజుల్లోనే, పియరు ఎగువ ముక్కు దగ్గర బరువు కట్టిన తాడు దింపి లోతు తీయించు. డ్రాయింగులోని కోత మట్టంతో పోల్చు. దగ్గర్లో ఇసుక తవ్వుతుంటే దూరం కొలిచి, అదే రోజు రాతపూర్వకంగా పైకి పంపు.

పగుళ్ల మీద సిమెంటు పూత మాత్రం పూయనివ్వకు. ప్రతి పగులు కొసనా పెయింటుతో గీత గీసి, తేదీ, వెడల్పు రాయి. వచ్చే ఏడాది అక్కడికి వచ్చేవాడు గీత దాటి పగులు సాగిందో లేదో చూస్తాడు.