స్టీల్ గిటార్ అడుగున నూగు ఊడిందా? మళ్లీ ఫ్లాకింగే చేయండి

విజయనగరంలో మీ తాతగారు వాయించిన స్టీల్ గిటార్ అడుగున నూగు పొర ఊడిపోతోందనీ, వెల్వెట్ గుడ్డ అంటించాలా, పెయింట్ వేయాలా అనీ అడిగారు. దయచేసి రెండూ వద్దండి. మళ్లీ ఫ్లాకింగే చేయండి, అంటే జిగురు పూసి, దానిమీద సన్నటి పోగుల పొడి చల్లి నూగు పొర వేయడం. ఒళ్లో పెట్టుకుని వాయించే గిటార్ అది, జారకుండా ఆపేది ఆ నూగే.

రేయాన్ నూగు పొడి, సరిగ్గా అదే రంగు ఫ్లాకింగ్ జిగురు తెప్పించుకోండి. రంగు తేడా వస్తే నూగు సందుల్లోంచి జిగురు కనిపిస్తుంది.

అసలు పనంతా జిగురు పూయకముందే ఉంది. తీగలు, స్క్రూలు తీసేయండి. సీరియల్ నంబర్ ఉంటే దానిమీద, పక్కలంతటా మాస్కింగ్ టేపు వేయండి. పాత పొరను గీకి, సన్నటి గరుకు కాగితంతో నునుపు చేయండి. చెక్క పగిలి ఉంటే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లకు చూపించండి, అంతకంటే మంచి చేతులు నాకు తెలియవు. తర్వాత సాండింగ్ సీలర్ (చెక్క రంధ్రాలు మూసే పూత) తప్పనిసరి. లేకపోతే చెక్క జిగురును పీల్చేసి మచ్చలు మచ్చలుగా బోడి పడుతుంది.

జిగురు దట్టంగా, త్వరగా పూయండి. 10-15 నిమిషాల్లో పైన పొర కట్టేస్తుంది. వెంటనే నూగు కుప్పగా చల్లి, కింద నుంచి వేళ్లతో తట్టండి, పోగులు నిలబడతాయి. ఆ సమయంలో ఫ్యాన్ కట్టేయండి, ముక్కుకు మాస్క్ పెట్టుకోండి. కనీసం ఒక రోజు ముట్టుకోకూడదు. వానాకాలమైతే ఇంకా ఆగాలి. ఆరాక మిగిలిన నూగు కాగితం మీద దులిపి దాచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

వారం వరకు పెట్టెలో పెట్టకండి, నూగు అణిగిపోతుంది.