కొత్త డిస్క్ కొనేముందు పాతది బయటికి తీసి చూడు

చి. అమ్మడుకి,

పెదనాన్న ఆశీస్సులు. రాత్రి ఫోన్‌లో నువ్వు వినిపించిన, నీ ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ చేస్తున్న ఆ టిక్, టిక్ చప్పుడు నాకు బాగా తెలుసు. డిస్క్ లోపల డేటాని చదివే ముల్లు లాంటి హెడ్‌కి చదవాల్సిన చోటు దొరక్క, వెనక్కి వచ్చి మళ్లీ వెతుక్కుంటోందన్నమాట. కొత్త డిస్క్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ల్యాప్‌టాప్ ఆపెయ్. ఈసారి ఆన్ చేసేటప్పుడు పక్కన ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ సిద్ధంగా పెట్టుకో. నీ ప్రాజెక్టు ఫైళ్లు ముందు, నానమ్మ ఫోటోలు ఆ తర్వాత కాపీ చెయ్. సినిమాలు పోతే పోనీ. ఎవరో చెప్పారని చెక్‌డిస్క్ (తప్పులు వెతికేది), డీఫ్రాగ్ (ఫైళ్లని సర్దేది) లాంటి ప్రోగ్రాములు రన్ చేయకు. అవి డిస్క్ మొత్తాన్ని గాలిస్తాయి, ఇప్పుడు దానికి ఆ ఓపిక లేదు. కాపీ కాకపోతే అక్కడితో ఆపి, డేటా రికవరీ చేసేవాళ్లకి ఇద్దాం. డిస్క్ మూత మాత్రం నువ్వు విప్పకు.

ఇక కొనే విషయం. మీ నాన్న నీకిచ్చింది థింక్‌ప్యాడ్ ఎక్స్220, 2011లో వచ్చిన మోడల్. మంచి గట్టి మెషీన్, డిస్క్ మారిస్తే ఇంకా పనికొస్తుంది. అయితే 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే కనెక్టర్ రకం) డిస్క్ అన్న ఒక్క మాట పట్టుకుని కొనేయకు. నేను ఆ పొరపాటే చేశాను. ఇదే మోడల్‌కి డిస్క్ కావాలని సికింద్రాబాద్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి, 2.5 అంగుళాలదని అడిగి తెచ్చాను. ఇంటికొచ్చి పెడితే సగం దాకా కూడా దూరలేదు. పొడవు సరిపోయింది, వెడల్పు సరిపోయింది, మందం దగ్గర వచ్చింది చిక్కు. నేను తెచ్చింది 9.5 మి.మీ., ఎక్స్220లో పట్టేది 7 మి.మీ. మాత్రమే. సీల్ తీశాక ఆ షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఆ రోజు పడ్డ బాధ నీకు వద్దనే ఇంత వివరంగా రాస్తున్నాను.

అందుకే కొనేముందు ల్యాప్‌టాప్ విప్పి పాత డిస్క్ బయటికి తియ్. చార్జర్ పీకి, బ్యాటరీ కూడా తీసేసెయ్. వెనక్కి తిప్పితే అంచున ఒక చిన్న మూత, దానికి ఒకే స్క్రూ. అది తీస్తే డిస్క్‌కి అంటించిన ప్లాస్టిక్ నాలుక కనబడుతుంది, పట్టుకుని మెల్లగా తిన్నగా బయటికి లాగు. రెండు పక్కలా రబ్బరు పట్టాలు ఉంటాయి. వాటిని జాగ్రత్తగా తీసి దాచు, కొత్తదానికి అవే తొడగాలి. స్కేలు పెట్టి మందం కొలువు.

కనెక్టర్ కూడా చూడు. పక్కపక్కనే చదునుగా రెండు ఉంటే సాటా: చిన్నది డేటాకి, పెద్దది కరెంటుకి. నీది అదే. ఇంకా పాత ల్యాప్‌టాప్‌లలో సూదుల్లాంటి పిన్నులు రెండు వరుసల్లో ఉంటాయి. అది ఐడీఈ అనే పాత రకం, దానికి సాటా డిస్క్ పట్టదు. సాటాలో 1, 2, 3 అని తరాలున్నా టెన్షన్ పడకు, ఒకదాంట్లో ఒకటి పనిచేస్తాయి. వేగం మాత్రం తక్కువదాని లెక్కనే వస్తుంది.

నా మాట వింటే హార్డ్ డిస్క్ వద్దు, చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ తీసుకో. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీలు దాదాపు అన్నీ 7 మి.మీ. మందమే, నీ దాంట్లో చక్కగా కూర్చుంటాయి. తిరిగే భాగాలు లేవు కాబట్టి బస్సులో కుదుపులకి భయం లేదు. ఆన్ చేశాక టీ పెట్టుకుని వచ్చేదాకా ఎదురుచూసే పని కూడా తప్పుతుంది. షాపులో ఎం.2 అని సన్నటి బద్దలాంటి ఇంకో రకం ఎస్‌ఎస్‌డీ చూపిస్తారు, అది నీకు పనికిరాదు. హార్డ్ డిస్కే కావాలంటే 2 టీబీ దాటకు, అంతకు మించినవి ఈ సైజులో 15 మి.మీ. మందం ఉంటాయి. యూఎస్‌బీ డిస్క్ విప్పి లోపలిది వాడొచ్చని ఎవరైనా చెబితే వినకు. చాలావాటిలో యూఎస్‌బీ సాకెట్ నేరుగా బోర్డు మీదే అతికి ఉంటుంది, సాటా కనెక్టరే ఉండదు.

నీ అవసరానికి 500 జీబీ చాలు. పాత డిస్క్ చప్పుడు చేస్తోంది కాబట్టి క్లోనింగ్ (పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దించడం) జోలికి పోకుండా సిస్టమ్ కొత్తగా ఇన్‌స్టాల్ చేద్దాం. దానికి ముందు ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్1 నొక్కి బయాస్ అనే సెట్టింగుల తెరలోకి వెళ్లి, సాటా మోడ్ ఏహెచ్‌సీఐ (సాటా డిస్క్‌లకి వాడే పద్ధతి)లో ఉందో లేదో చూడు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి కావాల్సిన లెక్కలో నీ ప్రాసెసర్ లేదు. విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ వేసుకో, నేను పక్కనుండి చెబుతాను.

డిస్క్ బయటికి తీశాక దాని మీది లేబుల్, కనెక్టర్, స్కేలు ఆనించిన మందం మూడూ కనబడేలా ఫోటో తీసి పంపు. నేను చూసి సరే అన్నాకే డబ్బు కట్టు.

ప్రేమతో,
పెదనాన్న