టైర్ల మెరుపు రెండు రోజులకే పోతోందా?

విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటానని, టైర్లకు మెరుపు కోసం పాలిష్ పూసినా బీచ్ రోడ్డులో రెండు రోజులు తిరిగేసరికి టైర్లు వెలిసిపోతున్నాయని, తలుపుల మీద నల్లటి చుక్కలు పడుతున్నాయని మీరు రాశారు. లోపం పాలిష్ సీసాలో కంటే కడగడంలోనే ఎక్కువ ఉందండీ.

గాలిలోని ఓజోను వాయువు నుంచి టైరును కాపాడేందుకు రబ్బరులో కలిపే రసాయనం మెల్లగా పైకి వచ్చి గోధుమరంగు పొరలా పేరుకుంటుంది. దాని మీద ఏది పూసినా నిలవదు. టైర్ క్లీనర్ వేసి, గట్టి బ్రష్‌తో నురగ తెల్లగా వచ్చేదాకా రుద్దండి. మా కారుకు మొదటిసారి నాలుగు విడతలు పట్టింది. తొలి నురగ అచ్చం ఫిల్టర్ కాఫీ రంగు!

పూర్తిగా ఆరాక, నీటి ఆధారిత పాలిష్‌ను స్పాంజితో పల్చగా పూయండి. జిడ్డుగా నిగనిగలాడే సిలికాన్ రకాలకు ఇసుక ఇట్టే అంటుకుంటుంది. తలుపుల మీద చుక్కలు కూడా ఆరని పూత చిమ్మడం వల్లే. 20 నిమిషాలు ఆగి, పొడిగుడ్డతో తుడిచాకే బండి తీయండి. నేలను తాకే భాగానికి మాత్రం పూయకండి, పట్టు తప్పి జారుతుంది.

ఇంకా ఎక్కువ కాలం ఉండే సిరామిక్ పూతలూ ఉన్నాయి, ధరా ఎక్కువే. మన ఉప్పుగాలికి వారానికోసారి ఎలాగూ కడగాలి కదా, నేనైతే వాటి జోలికి వెళ్లను.