ఐదేళ్ళ పిల్లకి గోల్ఫ్: గుంట దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి

"మాది పాలకొల్లు దగ్గర. నార్త్ కరోలినా వచ్చి ఏడాది కావస్తోంది. మా అపార్ట్‌మెంటుకి ఎదురుగా కౌంటీ వాళ్ళ గోల్ఫ్ కోర్సు ఉందండి. మా ఐదేళ్ళ పాప ఆ కంచె దగ్గర్నుంచి కదలదు, నేనూ ఆడతానంటుంది. మాకు ఇంటా వంటా లేని ఆట. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం కొనాలి, ఎంతవుతుంది, దెబ్బలేమైనా తగులుతాయా?"

భీమవరం, అమలాపురం, తణుకు వైపు నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాల్లో చాలామందికి ఇవే సందేహాలు. అందుకే కాస్త వివరంగానే చెబుతాం.

మీకు ఆట రాకపోవడం అడ్డమేమీ కాదు. సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, నాన్న పిల్లని నేరుగా డ్రైవింగ్ రేంజికి (దూరం కొట్టడం సాధన చేసే మైదానానికి) తీసుకెళ్తాడు, ఒక బకెట్ బంతులు కొంటాడు, బంతిని బాగా దూరం కొట్టే తన పెద్ద కర్ర, డ్రైవర్ అంటారు, దాన్ని చేతికిస్తాడు. అది పిల్ల చేతిలో నిలవదు. పది ఊపుల్లో బంతి తగిలేది రెండుసార్లు. పావుగంటకే పాప గడ్డిలో కూర్చుంటుంది. ఈ ఆటని చివరి నుంచి నేర్పాలి. ముందు బంతి పడాల్సిన గుంట, తర్వాత గుంట పక్కన గడ్డి, ఆ తర్వాతే దూరం. ఊరికే చెప్పడం లేదు. 18 గుంటల కోర్సుని 72 దెబ్బల్లో ముగించాలని లెక్క ఉంటే దాన్ని పార్ 72 అంటారు; అందులో గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, గుంటకి రెండేసి చొప్పున 36 దెబ్బలు పటర్‌తో (బంతిని నేల మీద దొర్లించే కర్రతో) వేసేవే అని లెక్క, అంటే సరిగ్గా సగం. పైగా పటర్‌తో తాకిస్తే బంతి ఎటో అటు తప్పకుండా కదులుతుంది. ఐదేళ్ళ పిల్లకి కావలసింది అదే.

కొనేది మూడు క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు) చాలు: ఒక పటర్, బంతిని గాలిలోకి లేపడానికి ఒక సెవెన్ ఐరన్, దూరం కొట్టడానికి ఒక చిన్న ఫెయిర్‌వే వుడ్ లేదా హైబ్రిడ్. పెట్టెలో పది క్లబ్బులున్న సెట్టు ఇప్పుడు దండగ. కొలత మాత్రం వయసుతో కాదు, ఎత్తుతో చూడాలి. చెప్పులు విప్పించి గోడకి నిలబెట్టి అంగుళాల్లో కొలవండి. యూఎస్ కిడ్స్ గోల్ఫ్ వాళ్ళ క్లబ్బుల మీద ఉండే 39, 42, 45, 48 అంకెలు పిల్ల ఎత్తుని చెప్పేవే. 42 అని ఉంటే 42 అంగుళాల నుంచి 45 లోపు పిల్లకి సరిపోతుంది. "ఎలాగూ ఎదుగుతుంది కదా" అని స్కూలు యూనిఫాం కుట్టించినట్టు రెండు సైజులు పెద్దది తీసుకోకండి. క్లబ్బు పొడవైతే పిల్ల బంతికి దూరంగా నిలబడి చీపురు తిప్పినట్టు అడ్డంగా తిప్పుతుంది. బరువైతే దాన్ని పైకెత్తడానికి నడుము వెనక్కి వాలుస్తుంది. ఈ రెండూ ఒకసారి అలవాటైతే తర్వాత మాన్పించడం చాలా కష్టం.

పెద్దవాళ్ళ పాత క్లబ్బు కోయించి ఇవ్వచ్చా అని కూడా అడుగుతుంటారు. వద్దు. పొడవు తగ్గుతుంది గానీ బంతికి తగిలే తల బరువు అలాగే ఉంటుంది, గొట్టం (క్లబ్బు కాడ) బిరుసెక్కుతుంది, చేత్తో పట్టుకునే పట్టు పిల్ల వేళ్ళకి లావవుతుంది. దానికి బదులు వాడేసిన పిల్లల క్లబ్బులు చూడండి. ప్లే ఇట్ అగైన్ స్పోర్ట్స్ లాంటి పాత సామాన్ల దుకాణాల్లోనూ, గుడ్‌విల్‌లోనూ దొరుకుతుంటాయి. ఈ వయసులో ఏడాదికి రెండు రెండున్నర అంగుళాలు ఎదుగుతారు కాబట్టి ఒక సైజు ఏడాది, ఏడాదిన్నర కన్నా నిలవదు. అందుకే పాతవీ చాలా వరకు కొత్తగానే ఉంటాయి. పటర్ విషయంలో చిన్న పరీక్ష: పిల్ల చేతులు కిందకి వదిలేసి నిలబడితే పటర్ పై కొస మణికట్టు దగ్గరికి రావాలి. పొట్టకి గుచ్చుకుంటోందంటే పొడవని అర్థం.

మొదటి పాఠం ఇంట్లో కార్పెట్ మీదే. ఒక స్టీలు గ్లాసు పక్కకి పడుకోబెట్టండి. దాని మూతి దాదాపు మూడు అంగుళాలు, అసలు గుంట నాలుగుంపావు. గ్లాసులో పడిందంటే గుంటలో పడుతుంది. ముందు ఒక అడుగు దూరం నుంచి. నాలుగు బంతులు వరసగా లోపల పడితే రెండడుగులు, తర్వాత మూడు. ఎక్కడ తప్పితే అక్కడే ఆగండి, దూరం పెంచకండి. చెప్పాల్సినవి రెండే: కళ్ళు బంతి పైన ఉండాలి, మణికట్లు విరవకుండా భుజాలు ఊగాలి. మూడో మాట చెబితే మొదటిది మర్చిపోతుంది. పది పదిహేను నిమిషాలకి, పిల్ల ఇంకా ఆడదామంటుండగానే ఆపేయండి.

తర్వాత నిజమైన గ్రీన్. చాలా పబ్లిక్ కోర్సుల్లో ప్రాక్టీసు పటింగ్ గ్రీన్ వాడుకోవడానికి డబ్బు తీసుకోరు. లోపలికెళ్ళి ప్రోషాపులో (కోర్సు వాళ్ళ దుకాణంలో) ఒక్క మాట అడిగి వెళ్తే మర్యాద. అడుగుపెట్టగానే పాపకి కొత్తగా అనిపించేది వాలు. కార్పెట్ మీద తిన్నగా వెళ్ళిన బంతి ఇక్కడ వంకర తిరుగుతుంది. ఇది నేర్పడానికి గోదావరి డెల్టా వాళ్ళకి ఎవరి సాయమూ అక్కర్లేదు. కాలువ నీరు చేలోకి ఎక్కించాలంటే ఎటు మెరక, ఎటు పల్లం అని చూసే చోటు నుంచి వచ్చాం. నీరు పల్లమెరుగు. పాపని గుంట వెనక్కి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, "ఇక్కడ బిందెడు నీళ్ళు పోస్తే ఎటు పోతాయమ్మా?" అని అడగండి. చేత్తో చూపిస్తుంది. బంతీ అటే పోతుంది, కాబట్టి ఎదురు వైపుకి గురిపెట్టాలి. ఎంత అన్నది ఆమే కొట్టి తెలుసుకోవాలి. పల్లంలోకి మెల్లగా తాకించాలి, మెరకకి గట్టిగా. గ్రీన్ మీద పరిగెత్తకూడదు, పటర్ నేలకి గుద్దకూడదు, ఇంకొకరి బంతికీ గుంటకీ మధ్య బంతి పోయే దారి తొక్కకూడదు. ఈ మూడూ మొదటి రోజే అలవాటు చేయండి.

ఇంకో వారం పది రోజులకి గుంట పక్కన గడ్డిలోకి రండి. ఐదారు అంగల దూరంలో ఒక తువ్వాలు పరిచి, సెవెన్ ఐరన్‌తో బంతిని దాని మీద పడేయమనండి. కాళ్ళు దగ్గరగా, బంతి వెనక కాలి వైపు కొంచెం, ఒంటి బరువు ముందు కాలి మీద. ఇక్కడ దాదాపు పిల్లలందరూ చేసే పని ఒకటుంది. బంతి గాలిలోకి లేవాలంటే తామే గరిటెతో తోడినట్టు ఎత్తాలనుకుంటారు. అప్పుడు క్లబ్బు అంచు బంతి నెత్తిన తగిలి బంతి నేల మీదే దొర్లిపోతుంది, లేదా క్లబ్బు ముందే మట్టిలో దిగిపోతుంది. బంతిని లేపే పని క్లబ్బు ముఖానికున్న వాలు చేస్తుంది. పిల్ల చేయాల్సిందల్లా గడ్డిని రాయడమే. బంతి తీసేసి వట్టి గడ్డి మీద పదిసార్లు ఊపమనండి, గడ్డి "సర్రు"మన్న చప్పుడు ప్రతిసారీ వినబడాలి. ఆ చప్పుడు వచ్చాక బంతి పెట్టండి. సాధారణంగా ఆ రోజే తేడా కనిపిస్తుంది.

పెద్ద ఊపు గురించి మీరు కంగారు పడక్కర్లేదు. బంతిని టీ (నేలలో గుచ్చే చిన్న మేకు) మీద పెట్టి, కావలసినంత గట్టిగా కొట్టనివ్వండి. ఐదేళ్ళప్పుడు వేగం వస్తే తిన్నదనం తర్వాత వస్తుంది. తిన్నదనం కోసం ఇప్పుడు కట్టేస్తే వేగం రావడం కష్టం. చిన్న చేతులకి పది వేళ్ళూ గొట్టం మీదే ఉండే పట్టు మంచిది. రెండు చేతుల మధ్య సందు ఉండకూడదు. కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమ చేయి పైన, క్రికెట్ బ్యాటుకి ఎలాగో అలాగే. క్రికెట్ ఆడిన పిల్లలు ముందు కాలు వేసి కొట్టబోతారు. ఇక్కడ కాళ్ళు నిలిచే ఉండాలి, నడుం తిరగాలి. కొట్టాక బొజ్జ గురి వైపుకి తిరిగి, వెనక కాలు మునివేళ్ళ మీద నిలిచి, "ఒకటి, రెండు, మూడు" అనే దాకా కదలకుండా ఉంటే చాలు, మిగతావి చాలా వరకు వాటంతటవే సర్దుకుంటాయి. "తల ఎత్తకు" అని మాటిమాటికీ అనకండి. తల బిగబట్టిన పిల్ల ఒళ్ళు తిప్పలేదు.

పాప ఎడమ వైపు నిలబడి ఊపుతుంటే ఊపనివ్వండి. మామ్మ, తాతయ్య ఫోన్లో చూసి కుడి చేతికి మార్చమనవచ్చు. అక్కర్లేదని మెల్లగా చెప్పండి. ఎడమచేతి వాటం సెట్లు పిల్లలకీ ఉన్నాయి. పేరున్న అమెరికా గోల్ఫ్ ఆటగాడు ఫిల్ మికెల్సన్ మిగతా పనులన్నీ కుడిచేత్తో చేస్తూ గోల్ఫ్ మాత్రం ఎడమ వైపు ఆడతాడు.

దెబ్బల సంగతి. పిల్లలకి గాయాలు ఎక్కువగా బంతి వల్ల కాదు, పక్కన నిలబడ్డ పిల్లకి క్లబ్బు తగలడం వల్ల. తల, కళ్ళు, పళ్ళు. అందుకని ఒక్క నియమం పెట్టండి, దానికి మినహాయింపు ఉండకూడదు: ఊపే మనిషికి నాలుగు పెద్ద అంగల లోపు ఎవరూ ఉండకూడదు, వెనక అసలే కూడదు. పెద్దవాళ్ళు చెప్పేదాకా క్లబ్బు నేల మీదే. చూడ్డానికి వచ్చిన తాతయ్యకీ, తమ్ముడికీ నిలబడే చోటు ముందే చూపించండి. ఎవరైనా "ఫోర్!" (బంతి వస్తోంది, జాగ్రత్త) అని అరిస్తే చూడకుండా తల చేతుల్లో దాచుకుని వంగాలి. ఉరుము వినబడితే వెంటనే కారులోకో భవనంలోకో వెళ్ళిపోవాలి, చెట్టు కిందకి కాదు. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా తిరిగి రాకూడదు. గడ్డికి మందులు కొడతారు కాబట్టి బంతి, టీ నోట్లో పెట్టనివ్వకండి, తినేముందు చేతులు కడిగించండి. తిన్నాకా కడిగించండి. తాపేశ్వరం కాజా తిన్న చేత్తో పట్టు పట్టుకుంటే క్లబ్బంతా పాకమే.

ఖర్చు మీరనుకున్నంత ఉండదు. యూత్ ఆన్ కోర్స్ అని 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి సభ్యత్వం ఉంది. అందులో చేరిన కోర్సుల్లో పిల్లలు ఒక రౌండు 5 డాలర్లకో అంతకన్నా తక్కువకో ఆడొచ్చు. మీ పాపకి ఇంకో ఏడాది ఆగాలి. 1997లో మొదలైన ఫస్ట్ టీ అనే లాభాపేక్ష లేని సంస్థ శాఖలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. దాని గుంపు క్లాసుల్లో ఆటతో పాటు వరస కోసం ఆగడం, పక్కవాళ్ళని పలకరించడం నేర్పుతారు. డబ్బు ఇబ్బందైతే ఫీజు తగ్గింపు ఉందేమో అడగండి, మొహమాటపడకండి. విడిగా ఒక్కరికే చెప్పించే క్లాసులు ఈ వయసులో డబ్బు దండగని మా అభిప్రాయం. ఏడేళ్ళు నిండాక డ్రైవ్, చిప్ అండ్ పట్ (దూరం కొట్టడం, గుంట పక్క నుంచి లేపడం, గుంటలోకి దొర్లించడం) పోటీకి పేరు ఇవ్వచ్చు. 7 నుంచి 15 ఏళ్ళ వాళ్ళకి, ప్రవేశం ఉచితం, తుది పోటీ అగస్టా నేషనల్ అనే పేరుమోసిన గోల్ఫ్ కోర్సులో జరుగుతుంది.

మొదటిసారి కోర్సులోకి వెళ్ళేటప్పుడు గుంటలన్నీ మూడేసి దెబ్బల లెక్కలో ఉండే పార్-3 కోర్సో, తొమ్మిది గుంటల చిన్న కోర్సో చూసుకోండి. సాయంత్రం ట్వైలైట్ రేటు తక్కువ, రద్దీ కూడా తక్కువ. కాలరున్న చొక్కా వేయండి, జీన్స్ వద్దు, మామూలు బూట్లు చాలు. ఆట మొదలుపెట్టే టీ గుర్తుల దగ్గర నుంచి కాకుండా గ్రీన్‌కి పాతిక గజాల దూరంలో బంతి పెట్టి మొదలుపెట్టండి. ఎనిమిది దెబ్బలకీ పడకపోతే బంతి చేతిలోకి తీసుకుని తర్వాతి గుంటకి నడవండి. వెనక గుంపు వస్తే పక్కకి జరిగి వాళ్ళని పోనివ్వండి. కార్టు అద్దెకి తీసుకోకపోవడమే మేలు, మలుపుల్లో పిల్లలు జారి పడుతుంటారు. తప్పకపోతే నడిపే మనిషి పక్కన లోపలికి, పాదాలు కింద ఆనేలా కూర్చోబెట్టండి. నాలుగు గుంటలకే అలిసిపోతే నాలుగే.

సెలవులకి ఊరెళ్ళినప్పుడు క్లబ్బులు చెక్-ఇన్ సామానులోనే వేయాలి, కేబిన్‌లోకి అనుమతించరు. పటర్ ఒక్కటీ, చిల్లుల ప్లాస్టిక్ బంతులు అరడజనూ తీసుకెళ్తే సరిపోతుంది. జూన్, జూలై నెలల్లో డెల్టాలో చేలన్నీ నారుమళ్ళూ బురదా, కాబట్టి అరుగూ, డాబా గచ్చే మైదానం. గచ్చు మీద బంతి కార్పెట్ కన్నా చాలా వేగంగా పోతుంది. గ్లాసు వెనక మడిచిన గోనెసంచి పెట్టండి. కొబ్బరితోటలో అసలు బంతితో కొట్టనివ్వద్దు, మొద్దుకి తగిలితే తిరిగి కొట్టినవాళ్ళ మీదకే వస్తుంది. నిజమైన కోర్సు చూపించాలంటే విశాఖలో ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు ఉంది. హైదరాబాదు మీదుగా వెళ్తుంటే గోల్కొండ కోట పక్కన ఇంకొకటుంది. సభ్యులు కానివాళ్ళని ఏ రోజుల్లో రానిస్తారో బయలుదేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.