కారుకు చార్జింగ్ గన్ పడుతుందా అన్న టెన్షన్ వద్దు, స్కూటర్‌కైతే చూసుకోండి

హైదరాబాద్–విజయవాడ మధ్య తిరగడానికి ఎలక్ట్రిక్ కారు కొనాలనుకుంటున్నారు. చార్జింగ్ స్టేషన్లు చూపించే యాప్‌లో సీసీఎస్2, టైప్ 2, జీబీటీ, చాడెమో అని రకరకాల పేర్లు చూసి, దారిలో ఉన్న గన్ (చార్జర్ కేబుల్ చివర కారుకు తగిలించే ప్లగ్) మన కారుకు పడుతుందా, అడాప్టర్లు కొనాలా అని అడిగారు. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు అక్కడ టెస్లా గన్నే స్టాండర్డ్ అవుతోందన్నారని కూడా రాశారు. మా ఇంట్లో ఎలక్ట్రిక్ కారు, స్కూటర్ రెండూ ఉన్నాయి కాబట్టి తెలిసింది చెబుతాను.

కార్ల విషయంలో ఈ గొడవ మన దేశంలో దాదాపు తీరిపోయిందండీ. 2020 మొదట్లో నెక్సాన్ ఈవీ, ఎంజీ జెడ్‌ఎస్ ఈవీ సీసీఎస్2తోనే వచ్చాయి, ఆ తర్వాత దాదాపు అందరూ అదే దారి పట్టారు. కారు సాకెట్‌లో పైన ఏడు పిన్నులతో గుండ్రంగా ఉండేది టైప్ 2, అది ఏసీ చార్జింగ్‌కి, అంటే ఇంటికి వచ్చేలాంటి కరెంటుతో నెమ్మదిగా ఎక్కించడానికి. దాని కింద రెండు లావు పిన్నులు డీసీ ఫాస్ట్ చార్జింగ్‌కి, అంటే కరెంటు నేరుగా బ్యాటరీలోకి వేగంగా పంపడానికి. రెండూ కలిపితే సీసీఎస్2. ఎంజీ కామెట్ లాంటి చిన్న కారుకు మాత్రం కింది పిన్నులు ఉండవు. హైవే ప్రయాణం ముఖ్యమైతే అలాంటిది తీసుకోకండి.

జీబీటీ గన్ ఎందుకు కనిపిస్తోందంటే, 2017 ప్రాంతంలో భారత్ డీసీ-001 అని జీబీటీ గన్‌తో 15 కిలోవాట్ల చార్జర్లు వచ్చాయి. అవి 72 వోల్టుల బ్యాటరీ ఉన్న పాత ఈ-వెరిటో, తొలి టిగోర్ లాంటి బళ్ల కోసం. 2018 డిసెంబర్ నిబంధనలు పబ్లిక్ స్టేషన్‌లో చాడెమోతో సహా అన్ని రకాల గన్‌లూ ఉండాలన్నాయి, 2019లో ఆ షరతు సడలించారు. ఆనాటి మిషన్లే ఇంకా యాప్‌లో అక్కడక్కడా మిగిలాయి. ఫిల్టర్‌లో సీసీఎస్2 ఒక్కటే ఉంచండి. డీసీకి అడాప్టర్ల జోలికి అసలు వెళ్లొద్దు. అక్కడ పారేది వందల వోల్టుల కరెంటు.

మీరు అడగాల్సిన అసలు ప్రశ్న గన్ వెనక ఎంత పవర్ ఉంది, అందులో మీ కారు ఎంత తీసుకుంటుంది అన్నది. మాల్‌లో 22 కిలోవాట్ల టైప్ 2 పాయింట్ ఉన్నా, మీ కారులోని ఆన్‌బోర్డ్ చార్జర్ (ఏసీని డీసీగా మార్చి బ్యాటరీకి పంపేది) 7.2 కిలోవాట్లు అయితే అంతే తీసుకుంటుంది, 3.3 అయితే 3.3. రెండు గంటలు సినిమా చూసి వచ్చేసరికి ఒక కారులో 14 యూనిట్లు, ఇంకో కారులో 6 యూనిట్ల చిల్లర. కొనేముందు వేరియంట్ వారీగా ఈ అంకె అడగండి, సేల్స్ వాళ్లు దాన్ని వాళ్లంతట వాళ్లు చెప్పరు. డీసీలోనూ 60 కిలోవాట్లు అని బోర్డు ఉండి రెండు గన్‌లు ఉంటే, పక్క కారు కూడా తగిలిస్తే చాలాచోట్ల చెరో 30 అవుతుంది. 80 శాతం దాటాక ఎలాగూ వేగం తగ్గుతుంది, పండగ రోజుల్లో అక్కడ ఆపి వెనక ఉన్నవాళ్లకు చోటివ్వండి.

సరైన గన్ అయినా చార్జింగ్ మొదలవని సందర్భాలు వస్తాయి. కరెంటు వదిలేముందు కారు, చార్జర్ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి, అక్కడే ఎక్కువగా తెగుతుంది. సూర్యాపేట దాటాక ఒక హోటల్ ఆవరణలో మాకు పదేపదే ఎర్రర్ వచ్చింది. కేబుల్ బరువుకు గన్ కిందికి వాలుతోందని అక్కడి కుర్రాడు చూసి, దాన్ని కాస్త పైకెత్తి పట్టుకుని స్టార్ట్ కొట్టమన్నాడు. వెంటనే పట్టుకుంది. అప్పటినుంచి నేను మొదట అదే చేస్తాను. కాకపోతే గన్ తీసి, కారు లాక్ చేసి, రెండు మూడు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. మిషన్ మీద ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఎవరైనా నొక్కి వదిలేశారేమో కూడా చూడండి. గన్ బయటికి రాకపోతే గట్టిగా లాగొద్దు, ముందు కారు అన్‌లాక్ చేయాలి. అప్పటికీ రాకపోతే చాలా కార్లలో చేత్తో విడిపించే తాడు ఉంటుంది. అదెక్కడుందో డెలివరీ రోజే చూపించమనండి.

మీ తమ్ముడు చెప్పింది నిజమే. టెస్లా తన గన్ డిజైన్‌ను 2022 నవంబర్‌లో అందరికీ తెరిచింది, 2023లో ఫోర్డ్‌తో మొదలై మిగతా కంపెనీలు చేరాయి. కానీ అది అమెరికా సంగతి. ఆ గన్‌లో త్రీ ఫేజ్ ఏసీకి పిన్నులు లేవు, మనకూ యూరప్‌కూ త్రీ ఫేజ్ మామూలే. 2025లో ఇక్కడికొచ్చిన టెస్లా కూడా సీసీఎస్2తోనే వచ్చింది.

నాకు బాధ కలిగించేది స్కూటర్ల సంగతి. ఏ బండికైనా ఏ బంకులోనైనా పెట్రోల్ పోయించుకుంటాం. ఎలక్ట్రిక్ స్కూటర్‌కి మాత్రం కంపెనీకో గన్. స్కూటర్ల కంపెనీ ఏథర్ డిజైన్ ఆధారంగా చేసిన కనెక్టర్‌ను బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) 2023లో ప్రమాణంగా ఆమోదించింది, హీరో వాళ్ల విడా స్కూటర్లు అదే వాడుతున్నాయి. ఓలా తన గన్‌తోనే ఉంది. ప్రమాణం ఉన్నా అందరూ వాడాలన్న ఒత్తిడి లేకపోతే నష్టపోయేది రోజూ బండి మీద బతికే డెలివరీ కుర్రాళ్లే. దాన్ని తప్పనిసరి చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అప్పటిదాకా ఇంట్లోకి స్కూటర్ కూడా తీసుకునేటట్టయితే, మీ ఊళ్లో, మీరు రోజూ వెళ్లే దారిలో ఆ కంపెనీ గన్ ఎక్కడెక్కడ ఉందో యాప్‌లో చూసుకుని, ఇంటి దగ్గర 15 ఆంప్స్ సాకెట్‌కి ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నాకే అడ్వాన్స్ కట్టండి.